మందు మనదే, ఫలితం మాత్రం అందరిదీ

రాత్రి గోరువెచ్చని పాలలో వేసిన చెంచాడు తోడు తెల్లారేసరికి గిన్నెడు పెరుగవుతుంది. ఇడ్లీ పిండి పులుస్తుంది. పెంటకుప్ప ఎరువవుతుంది. ఇదంతా సూక్ష్మజీవుల పనే. కాబట్టి అవన్నీ మన శత్రువులు కావు.

కొన్ని మాత్రం రోగాలు తెస్తాయి. వాటికి డాక్టరుగారు అయిదు రోజులకు యాంటీబయాటిక్ రాస్తారు. రెండో రోజుకే జ్వరం తగ్గితే మానేస్తాం. మిగిలిన మాత్రలు పక్కింటి పిల్లవాడి జలుబుకు ఇచ్చేస్తాం. జలుబు వైరస్ వల్ల వస్తుంది. దానిపై ఆ మందు పనిచేయదు. పైగా పేగుల్లోని మేలుచేసే బాక్టీరియాను చంపుతుంది. మందుకు లొంగనివి మిగిలి, పెరిగి, ఇతరులకు సోకుతాయి. అప్పుడు "నా ఒళ్ళు, నా ఇష్టం" అనగలమా?

1928లో పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్, 1945లో నోబెల్ ప్రసంగంలో ఒక కల్పిత ఉదాహరణ చెప్పారు. గొంతునొప్పి వచ్చిన భర్త చాలీచాలని మోతాదులో పెన్సిలిన్ వాడాడు. అతనిలో మొండికెత్తిన క్రిములు భార్యకు సోకాయి. మందు పనిచేయక ఆమె మరణించింది. ఆ మరణానికి బాధ్యుడు భర్తేనన్నారు ఫ్లెమింగ్.

మరి కూలిడబ్బులు చాలక సగం మాత్రలే కొన్న తండ్రి సంగతేమిటి? అతణ్ణి నిందించడానికి నోరు రాదు. తెలిసీ నిర్లక్ష్యం చేయడం వేరు, గతిలేక మానడం వేరు. అతని మిగతా మాత్రలకు డబ్బు సర్దడం ఇరుగుపొరుగు బాధ్యత. అది దానం మాత్రమే కాదు. మన పిల్లలకు రేపు ఆ మందు పనిచేయాలన్నా అదే దారి.

డాక్టరు చెప్పకుండా యాంటీబయాటిక్ మొదలుపెట్టకండి, మానకండి, ఇతరులకు ఇవ్వకండి.