నడిరేయి పసిబిడ్డ ఏడిస్తే...

కొన్ని వారాల క్రితం ఆదివారం దివ్యబలిపూజ ముగిసిన తరువాత ఒక యువతల్లి గుడి వరండాలో నా కోసం నిలబడి ఉంది. భుజం మీద రెండు నెలల పసిబిడ్డ. బిడ్డను ఆశీర్వదించమని వచ్చిందనుకొని చెయ్యి చాచాను. "వాడికి కాదు ఫాదర్‌గారూ, ఆశీర్వాదం నాకు కావాలి" అంది. తరువాత తలవంచుకొని మెల్లగా చెప్పుకొచ్చింది. "రాత్రి నాలుగుసార్లు లేచి ఏడుస్తాడు. మొదటిసారి జాలి వేస్తుంది. మూడోసారి లేచేసరికి వాడి మీద ప్రేమ అన్నదే ఉండదు, కోపం వస్తుంది. పాలిస్తాను, ఎత్తుకొని తిరుగుతాను, పొత్తిగుడ్డలు మారుస్తాను. కాని మనసులో ప్రేమ లేకుండానే అవన్నీ చేస్తాను. నేను మంచి తల్లిని కానా? ఇది పాపమా?"

ఇది పాపసంకీర్తనంలో విన్న మాట కాదు. నలుగురికీ పనికివస్తుందని ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఆనాడు నాకు తోచిన ఓదార్పు మాట ఒకటి చెప్పి పంపించాను. కాని ఆమె అడిగింది ఓదార్పు కాదు, జవాబు. రాత్రంతా బిడ్డను మోసిన అనుభవం లేని గురువు దీని గురించి చెప్పడమేమిటని మీలో కొందరు అనుకోవచ్చు. అనుకోవడం న్యాయమే. అయినా ప్రేమ అంటే ఏమిటి అన్న ప్రశ్న ఇందులో ఉంది. ఆ ప్రశ్న మనందరిదీ.

ముందుగా బిడ్డ పక్షాన ఒక మాట. అర్ధరాత్రి ఏడ్చే బిడ్డను "మొండివాడు", "కావాలని సాధిస్తున్నాడు" అంటుంటాం. పునీత అగుస్తీనువారు తమ 'కన్ఫెషన్స్' గ్రంథం మొదటి భాగంలోనే పసితనం గురించి ఆలోచించారు. పాలు తాగే ఒక పసివాడు తనతోపాటు పాలు తాగే మరో బిడ్డను అసూయతో చూడడం తాము గమనించామని రాశారు. మానవ స్వభావానికి తగిలిన గాయం ఎంత లోతైనదో చెప్పడం వారి ఉద్దేశం. అంతేగాని పసిబిడ్డ మీద నేరం మోపి శిక్షించమని కాదు. మంచిచెడ్డల వివేకం కలగనిదే స్వయంగా చేసిన పాపం ఉండదని శ్రీసభ బోధిస్తుంది. రెండు నెలల బిడ్డకు తల్లిని సాధించే తెలివి లేదు. ఉన్నది ఆకలి, తడి, చలి, కడుపునొప్పి, ఒంటరితనం.

పుట్టిన బిడ్డ పొట్ట చాలా చిన్నది. తల్లిపాలు త్వరగా అరుగుతాయి. అందుకే రెండు మూడు గంటలకొకసారి ఆకలి వేస్తుంది. పగలు, రాత్రి అనే తేడా శరీరానికి అలవాటు కావడానికే సుమారు మూడు నెలలు పడుతుంది. సాధారణంగా ఆరో వారం వరకు ఏడుపు పెరుగుతూ పోయి, మూడు నాలుగు నెలలకు తగ్గుముఖం పడుతుందని వైద్యులు చెబుతారు. "అడగందే అమ్మయినా పెట్టదు" అని మన సామెత. పసిబిడ్డకు అడిగే భాష ఒక్కటే ఉంది. అదే ఏడుపు.

అయితే "ఏడిస్తే ఎత్తుకోకండి, చెడు అలవాటవుతుంది" అనే సలహా ఉంది కదా! అది మన అత్తగార్లు కనిపెట్టినది కాదు. అమెరికాలో హోల్ట్ అనే పిల్లల వైద్యుడు 1894లో వెలువరించిన పుస్తకంలోనే ఇటువంటి సలహా ఉంది. వాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1928లో ఇంకా ముందుకు వెళ్ళి, పిల్లలను ముద్దాడడం కూడా తగ్గించమన్నాడు. ఆ తరువాత 1972లో బెల్, ఐన్స్‌వర్త్ అనే ఇద్దరు పరిశోధకురాళ్ళు 26 మంది తల్లీబిడ్డలను గమనించారు. మొదటి నెలల్లో వెంటనే పలకరింపు దొరికిన బిడ్డలు ఏడాది చివరికి తక్కువగా ఏడ్చారని వారు రాశారు. ఆ లెక్కలను తరువాత కొందరు ప్రశ్నించారు కూడా. 2013లో జపాను పరిశోధకులు మరొక సంగతి చూపించారు. తల్లి బిడ్డను ఎత్తుకొని నడిస్తే బిడ్డ గుండె వేగం తగ్గుతుంది, ఏడుపు సద్దుమణుగుతుంది. భుజాన వేసుకొని వాకిట్లో పచార్లు చేసిన మన నాయనమ్మలు ఈ మాట విని నవ్వుకుంటారు.

పెద్దవాడవుతున్న బిడ్డకు క్రమంగా నిద్ర అలవాటు చేయడంలో ఒక్కొక్క ఇంటి పద్ధతి ఒక్కొక్కటి. అక్కడ తల్లిదండ్రుల వివేకానికి చోటుంది. కాని మొదటి నెలల్లో పలికే దిక్కు లేకుండా బిడ్డను ఏడవనివ్వడం క్రమశిక్షణ నేర్పడం కాదు. నేర్చుకునే వయసే ఇంకా రాలేదు.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వద్దాం. ప్రేమ అనుభూతి లేకుండా చేసిన సేవ ప్రేమేనా?

కాంట్ అనే జర్మను తత్త్వవేత్త 1785లో ఒక ఉదాహరణ ఇచ్చాడు. సొంత దుఃఖంతో మనసు మొద్దుబారిన ఒక మనిషి, సానుభూతి ఏమాత్రం కలగకపోయినా, కేవలం కర్తవ్యమని తలచి సాటివారికి సాయపడితే, ఆ పనికే నిజమైన నైతిక విలువ ఉంటుందని అతని వాదం. సెమినరీలో ఇది చదివినప్పుడు నాకు చలిగాలి తగిలినట్లు అనిపించింది. బిడ్డకు కావలసింది కర్తవ్యమా, అమ్మా? అయినా ఆ వాదంలో ఒక నిజం ఉంది. అనుభూతి లేదు కాబట్టి పనికి విలువ లేదని అనలేం.

పునీత తోమాసు అక్వినాసువారి మాట నాకు ఇంతకంటె దగ్గరగా అనిపిస్తుంది. ఒకరి మేలు కోరడమే ప్రేమ అని, అరిస్టాటిలును అనుసరించి వారు బోధించారు. కోరడమంటే ఊరికే ఆశపడడం కాదు, సంకల్పించడం. ప్రేమకు వేరు సంకల్పంలో ఉంది. అనుభూతి దాని పువ్వు. పువ్వు అన్ని కాలాల్లోనూ పూయదు. పూయనంత మాత్రాన వేరు చచ్చిందనుకోకూడదు. నిద్రలేని శరీరంలో మమత పొంగకపోవడం అలసటకు గుర్తు, ప్రేమ లేకపోవడానికి కాదు. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం కూడా మనోవికారాలు తమంతట తాము మంచివీ కావు, చెడ్డవీ కావు అని వివరిస్తుంది. బుద్ధితో, సంకల్పంతో వాటిని మనం ఎటు నడిపిస్తామన్న దాన్నిబట్టే మంచిచెడ్డలు ఏర్పడతాయి.

కాబట్టి అమ్మా, మూడోసారి ఏడుపు వినగానే కోపం రావడం పాపం కాదు. ఆ కోపంతోనే లేచి దీపం వేసి బిడ్డను ఎత్తుకున్నావు చూడు, అక్కడ నీ సంకల్పం నీ కోపాన్ని గెలిచింది. మొదటిసారి జాలితో లేచినప్పటికంటె మూడోసారి లేచినప్పుడే నీ ప్రేమకు ఎక్కువ ఖర్చయింది. బిడ్డకు నీ మనసులోని విసుగు లెక్క తెలియదు. పిలిస్తే అమ్మ వచ్చిందన్నదే తెలుస్తుంది. ఈ లోకం నమ్మదగినదని వాడు నేర్చుకునే మొదటి పాఠం అదే.

కాని ఒక హద్దు చెప్పక తప్పదు. కోపం రావడం వేరు, కోపానికి చేతులివ్వడం వేరు. ఎంత విసుగెత్తినా పసిబిడ్డను పట్టుకొని కుదపకూడదు. మెడ నిలవని బిడ్డను గట్టిగా కుదిపితే మెదడులో రక్తస్రావమై ప్రాణానికే ముప్పు. ఇక తట్టుకోలేను అనిపించినప్పుడు బిడ్డను భద్రమైన చోట వెల్లకిలా పడుకోబెట్టి, గది దాటి నాలుగు నిమిషాలు బయట నిలబడు. ఒక పరలోక జపం చెప్పుకో, చల్లటి నీళ్ళు తాగు, మళ్ళీ రా. ఆ నాలుగు నిమిషాలు బిడ్డ ఏడ్చినా అది నీవు వాడిని వదిలేయడం కాదు, కాపాడడం. నిద్రపుచ్చడానికి నల్లమందు, దగ్గుమందు వంటివి ఎవరు చెప్పినా పోయవద్దు. ఏడుపు ఎప్పటిలా లేకపోయినా, బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్ళు కాలుతున్నా దిష్టి తీస్తూ కూర్చోక డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాలి.

ఇంతవరకు తల్లితో మాట్లాడాను. ఇప్పుడు ఆ ఇంట్లోని మిగతావారితో. ఆ రోజు నేను ఆమెను ఒక ప్రశ్న అడిగాను. "రాత్రి లేచినప్పుడు ఇంకెవరైనా లేస్తారా?" ఆమె జవాబు చెప్పలేదు. కొంచెం దూరంలో మోటారు సైకిలు దగ్గర నిలబడిన భర్త వైపు చూసింది. అతను మంచి కుర్రవాడే. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళాలని వేరే గదిలో పడుకుంటాడు. పగలు ఇంట్లో ఆమె చేసేది మాత్రం డ్యూటీ కాదా?

పురుషులారా, మత్తయి సువార్త రెండవ అధ్యాయం తెరచి చూడండి. పునీత జోజప్పగారు సువార్తల్లో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కాని దేవదూత హెచ్చరించగానే ఆ రాత్రివేళే లేచి, బిడ్డను తల్లిని తీసుకొని ఐగుప్తుకు బయలుదేరారు. బిడ్డ కోసం అర్ధరాత్రి నిద్ర విడిచిన మగవాడాయన! 2015లో మనీలా నగరంలో కుటుంబాలతో మాట్లాడుతూ దివంగత ఫ్రాన్సిస్ పోపుగారు, నిద్రిస్తున్న జోజప్పగారి స్వరూపాన్ని తమ బల్ల మీద ఉంచుకొంటామని చెప్పారు. ఆయన నిద్రను మాత్రం చూసి, లేవడాన్ని మరచిపోకండి. పాలివ్వడం మీ చేత కాదు, నిజమే. పాలు తాగిన బిడ్డను భుజాన వేసుకొని త్రేన్పు వచ్చేదాకా తిరగడం, పక్కబట్ట మార్చడం, చీర ఉయ్యాల ఊపడం మీ చేత అవుతాయి.

అత్తగారూ, అమ్మగారూ, "మేము పదిమందిని పెంచలేదా" అనకండి. మీరు పెంచిన రోజుల్లో ఇంట్లో పదిమంది ఉన్నారు. నేటి కోడలు పట్నంలో రెండు గదుల ఇంట్లో ఒంటరిగా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రసవమైన ప్రతి 100 మంది స్త్రీలలో సుమారు 13 మందికి మానసిక అనారోగ్యం, ముఖ్యంగా దిగులు జబ్బు కలుగుతుంది. బాలింత కన్నీళ్ళు రెండు వారాలు దాటినా ఆగకపోతే అది విశ్వాస లోపం కాదు, జబ్బు. వైద్యం ఉంది.

ప్రియ పాఠకులారా, తల్లి తన చంటిబిడ్డను మరచినా నేను నిన్ను మరువనని ప్రభువు యెషయా ప్రవక్త ద్వారా సెలవిచ్చాడు. తల్లి కూడా అలసిపోవచ్చునని దేవునికి తెలుసు. ఇశ్రాయేలును కాపాడేవాడు కునికిపాట్లు పడడని కీర్తనకారుడు పాడింది కూడా, నిద్ర కోసం తపించే మనలాంటివారి ధైర్యం కోసమే. మనమూ రాత్రివేళ ఆయనకు ఏడ్చి మొరపెట్టుకున్నవాళ్ళమే. ఆయన మౌనంగా ఉన్నాడనుకున్న రాత్రులు మనకూ ఉన్నాయి. చీకట్లో బిడ్డకు అమ్మ ముఖం కనబడదు, ఎత్తుకున్న చేతులు మాత్రమే తెలుస్తాయి.

ఈ వారం మీ వీధిలో ఏ ఇంట్లోనైనా రాత్రి పసిబిడ్డ ఏడుపు వినబడితే విసుక్కొని తలగడ చెవులకు అడ్డం పెట్టుకోకండి. ఆ తల్లి కోసం ఒక మంగళవార్త జపం చెప్పండి. తెల్లవారాక వెళ్ళి, "బిడ్డను నేను చూస్తానమ్మా, నువ్వు రెండు గంటలు పడుకో" అనండి. ఆ యువతల్లికి ఆనాడు నేను చెప్పలేకపోయిన జవాబులో సగం ఈ ఉత్తరంలో ఉంది. మిగతా సగం మీ చేతుల్లో ఉంది.