పొంతన చూసుకుందాం



2015 మే 9న స్పెయిన్ దేశంలోని సెవిల్ నగరం నుండి ఎయిర్‌బస్ ఎ400ఎం అనే కొత్త సైనిక రవాణా విమానం తొలి పరీక్షకు ఎగిరింది. దానికి నాలుగు ఇంజన్లు. ఒక్కొక్క ఇంజన్‌ను నడిపే కంప్యూటరులో ఆ ఇంజన్‌కు తగిన కొలతలు ఉండాలి. సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు మూడు ఇంజన్ల కొలతలు చెరిగిపోయాయి. నేలమీద ఉండగా ఆ లోపం బయటపడలేదు. గాలిలోకి లేచాక ఆ మూడు ఇంజన్లు పైలట్ల మాట వినలేదు. విమానం కూలి, ఆరుగురిలో నలుగురు మరణించారు. ఇంజన్‌కూ కంప్యూటరుకూ పొంతన ఉన్నదా అని ఎగరకముందే సరిచూడాలి.

మరి మన సంగతి? జ్ఞానస్నానపు పుస్తకంలో పేరున్నది. పెదవులపై పరలోకజపం ఉన్నది. కాని పొలం గట్టు తగాదాతో తోడబుట్టినవానితో మాటలు మానిన హృదయంలో క్షమాపణ చెరిగిపోయింది. ఆదివారం గుడిలో ఆ లోపం ఎవరికీ కనబడదు. కష్టం వచ్చిననాడు బయటపడుతుంది.

దివ్యసత్ప్రసాదం స్వీకరించే ముందు ప్రతివారూ తమ్మును తాము పరీక్షించుకోవాలని పునీత పౌలుగారు కొరింతీయులకు బోధించారు. ఈ శనివారం రాత్రి కుటుంబ జపం కాగానే మౌనంగా ఆత్మశోధన చేసుకోండి. జపానికీ హృదయానికీ పొంతన లేకపోతే ముందు సహోదరుని గడప తొక్కండి. పిదప పాపసంకీర్తనం చేయండి.

దేవుడు మీ కుటుంబాలను దీవించునుగాక!