నిరీక్షణ – కనిపెట్టుకొని ఉండటం: ఈస్టర్ అనంతర దైనందిన జీవితంలో ఒక నైతిక భావన

క్రైస్తవ ఆరాధనా సంవత్సరంలో ఈస్టర్‌కు ముందు 40 దినాల నియమం ఉంది. ఉపవాసం, ప్రార్థన, మట్టల ఆదివారం, శుభ శుక్రవారం – ఇవన్నీ విశ్వాసిని ఒక శిఖరానికి చేరుస్తాయి. ఈస్టర్ వేకువన తెలుగు క్రైస్తవ కుటుంబాలు సమాధుల తోటకు వెళ్లి, ఆత్మీయుల సమాధులపై పూలుంచి కొవ్వొత్తులు వెలిగిస్తాయి. మరునాడు సోమవారం. తీరని అప్పు, నయంకాని రోగం, నిన్నటి కూలిపని యథాతథంగా ఉంటాయి. మరణం ఓడిపోయిందని ప్రకటించిన మరునాడు కూడా మనుషులు మరణిస్తూనే ఉంటారు. అటువంటప్పుడు పునరుత్థాన విశ్వాసం రోజువారీ జీవితంలో ఏ రూపంలో నిలుస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి తెలుగు బైబిలులోని రెండు మాటలు, ‘నిరీక్షణ’, ‘కనిపెట్టు’, విలువైన ఆధారాలు.

1. ఆశ, నిరీక్షణ

గ్రీకు మూలంలోని ‘ఎల్పిస్’ అనే మాటకు తెలుగు బైబిలు ప్రధానంగా ‘నిరీక్షణ’ను వాడింది. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో విశ్వాసం, ప్రేమల సరసన నిలిచినది ఈ మాటే. ‘ఆశ’ అనే మాట అందుబాటులో ఉన్నా దానికి తెలుగులో కొంత అపకీర్తి ఉంది. పేరాశ, దురాశ, అత్యాశ, ఆశాపాశం వంటి సమాసాలూ, ‘ఆశ లావు, పీక సన్నం’ అనే సామెతా ఆ అనుమానానికి సాక్ష్యాలు. యోహాను మొదటి పత్రికలో లోకసంబంధమైన కోరికలను ‘శరీరాశ’, ‘నేత్రాశ’ అని పేర్కొనడం కూడా ఇక్కడ గమనార్హం.

‘నిరీక్షణ’లోని ధాతువు ‘ఈక్ష్’. దాని అర్థం చూచుట. నేత్రాశలోనూ నిరీక్షణలోనూ పని కంటిదే. నేత్రాశ కనిపించినదాన్ని సొంతం చేసుకోగోరుతుంది. నిరీక్షణ ఇంకా కనిపించనిదాని వైపు చూపు నిలుపుతుంది. కంటికి కనబడుతున్నదానికి నిరీక్షణ అక్కరలేదని రోమీయులకు వ్రాసిన పత్రిక 8వ అధ్యాయంలో పౌలు వాదించాడు. చూపును సూచించే మాటే చూడనిదానికి పేరు కావడం వల్ల ఆ వాదంలోని వైరుధ్యం తెలుగులో మరింత పదునెక్కింది.

ఆ వాక్యంలోనే, ఓపికతో ఎదురుచూడటమనే అర్థంలో ‘కనిపెట్టు’ అనే క్రియ వస్తుంది. కీర్తనల గ్రంథంలోనూ ఈ ప్రయోగం ఉంది. నేటి వాడుకలో ఈ క్రియకు మరి రెండు అర్థాలున్నాయి. ‘కనిపెట్టటం’ అంటే మరుగున ఉన్నదాన్ని గుర్తించటం. ‘కనిపెట్టుకొని ఉండటం’ అంటే రోగినో పసిబిడ్డనో విడువకుండా చూసుకోవటం. ఎదురుచూపు, గుర్తింపు, సంరక్షణ అనే మూడు అర్థాలూ ఒకే క్రియలో కలిసి ఉండటం క్రైస్తవ నిరీక్షణ స్వభావాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుంది.

2. సువార్తలలోని సాధారణ దినాలు

పునరుత్థానానంతర కథనాలు ఈ మూడు అర్థాలకూ ఉదాహరణలుగా నిలుస్తాయి. యోహాను సువార్తలో ఖాళీ సమాధిని చూసిన శిష్యులు ఇంటికి మరలిపోతారు. మగ్దలేనే మరియ మాత్రం ఏడుస్తూ అక్కడే నిలుస్తుంది. తన ఎదుటికి వచ్చినవాణ్ణి ఆమె తోటమాలి అనుకుంటుంది. శ్మశానాన్ని ‘సమాధుల తోట’ అని పిలిచే తెలుగు క్రైస్తవులకు ఈ పొరపాటు సహజంగానే తోస్తుంది. ఎదురుచూపు ఇక్కడ దుఃఖాన్ని దాచుకోదు, దుఃఖంతోనే నిలబడుతుంది.

లూకా సువార్త 24వ అధ్యాయంలో ఎమ్మాయు దారిన పోతున్న ఇద్దరు శిష్యులు తమ నిరీక్షణను భూతకాలంలో చెప్పుకుంటారు. వారి దృష్టిలో అది ముగిసిపోయిన విషయం. తోడు నడిచిన అపరిచితుణ్ణి వారు దారిలో గుర్తించలేదు. పొద్దు వాలిందని బలవంతపెట్టి ఇంట ఉండనిచ్చాక, అతడు రొట్టె విరిచినప్పుడు గుర్తించారు. ఆతిథ్యం ముందు, గుర్తింపు తరువాత. ఆ గడియలోనే వారు యెరూషలేముకు తిరుగుప్రయాణమయ్యారు. విడిచివచ్చిన చోటికి తిరిగి పోగలగడమే వారిలో కలిగిన నూతనత్వం.

యోహాను 21వ అధ్యాయంలో పేతురు చేపలు పట్టే పాత వృత్తికి వెళ్తాడు. ఒడ్డున నిప్పులు, వాటిపై చేపలు, రొట్టె అతనికి ఎదురవుతాయి. ఆ బొగ్గుల నిప్పును సూచించే గ్రీకు మాట క్రొత్త నిబంధనలో మరొక్క చోటే ఉంది; అది పేతురు చలి కాచుకుంటూ గురువును ఎరుగనని బొంకిన చోటు. మూడు బొంకులకు మూడు ప్రశ్నలు, ప్రతి ప్రశ్న వెంట గొర్రెలను మేపే, కాచే బాధ్యత. అతని గతం చెరిగిపోలేదు, సంరక్షణగా మారింది. తోమాకు చూపిన దేహంలో గాయాలు మిగిలి ఉండటం కూడా ఈ దృష్టిలోనే అర్థవంతమవుతుంది.

3. ఓర్పు, లొంగుబాటు

ఈ భావనపై బలమైన ఆక్షేపణ ఒకటుంది. రాబోయేదానికై ఎదురుచూడమనే బోధ వర్తమాన అన్యాయాన్ని సహింపజేస్తుందనీ, అది మత్తుమందుగా పనిచేస్తుందనీ విమర్శ. దీన్ని తేలికగా తోసివేయరాదు. సుఖంగా ఉన్నవారు కష్టంలో ఉన్నవారికి ఓర్పును బోధించిన సందర్భాలు చరిత్రలో కొల్లలు. అయితే ఆ విమర్శ ‘కనిపెట్టు’ క్రియకున్న మొదటి అర్థానికి మాత్రమే, మిగిలిన రెంటి నుంచి విడదీసినప్పుడే, పూర్తిగా వర్తిస్తుంది. రోగిని కనిపెట్టుకొని ఉన్నవారు ఎదురుచూస్తారు. కాని చేతులు ముడుచుకోరు. జ్వరం హెచ్చితే గుర్తిస్తారు, వైద్యుణ్ణి పిలుస్తారు, అవసరమైతే నిలదీస్తారు.

ఎదురుచూపుకు గొంతు కూడా ఉండగలదనడానికి తెలుగు సాహిత్యంలో జాషువ ‘గబ్బిలం’ (1941) నిదర్శనం. అందులోని అస్పృశ్య నాయకుడు కాశీ విశ్వనాథునికి గబ్బిలంతో మొర పంపుకుంటాడు. అది క్రైస్తవ నిరీక్షణా కావ్యం కాదు. అయినా వినేవాడున్నాడన్న నమ్మకం మౌనాన్ని కాక ఫిర్యాదును పుట్టించగలదని అది నిరూపిస్తుంది.

దీని నుంచి ఒక నైతిక నియమం తేలుతుంది. ‘నిరీక్షించు’ అని ఇతరులతో చెప్పే అర్హత వారిని కనిపెట్టుకొని ఉన్నవారికే ఉంటుంది. మంచం పక్కన కూర్చోనివారి నోట ఆ మాట ఉపదేశం. కూర్చున్నవారి నోట అది తోడు. ఈస్టర్ మరునాటి సోమవారం లోకాన్ని మార్చి చూపదు. పాత పనిలో, పాత మనుషుల మధ్య, ఎవరిని కనిపెట్టుకొని ఉండాలో అడుగుతుంది. పునరుత్థాన విశ్వాసానికి దైనందిన రూపం ఆ ప్రశ్నకు ప్రతిదినం ఇచ్చుకునే జవాబే.