గ్లాసులు లెక్కపెట్టండి

మా కొనకనమిట్ల పక్క నీళ్ల కష్టం గురించి కొత్తగా చెప్పేదేముంది? బోరేస్తే ఫ్లోరైడు, లేదంటే ట్యాంకరు కోసం ఎదురుచూపు. నాకు గతితర్కం కూడా నీళ్ల దగ్గరే మొదలయింది.

డిగ్రీ చదివే రోజుల్లో ఒక రాజకీయ తరగతికి పోయాను. "నీళ్లు వేడెక్కీ వేడెక్కీ నూరు డిగ్రీల కాడ ఆవిరవుతాయి. పరిమాణం పెరిగి గుణంగా మారుద్ది" అని చెప్పాడు సారు. ఎంగెల్స్ ఇచ్చిన ఉదాహరణే. వాదం, ప్రతివాదం, ఆ ఘర్షణలోంచి కొత్తది. వింటుంటే ఒళ్లు పులకరించింది. మధ్యాహ్నం అన్నాల కాడ అందరికీ స్టీలు గ్లాసులు పెట్టారు. నాకూ, మా పల్లె పిల్లోడికీ ప్లాస్టిక్ గ్లాసులు.

"సార్, ఈ గ్లాసు ఏ వైరుధ్యం?" అనడిగాను.

"కులం ఉపరితలం. పునాది మారితే అదే పోద్ది" అన్నాడాయన.

మా నాయన మార్కాపురం పలకల గనుల్లో రాయి కొట్టాడు. మా అమ్మ కూలికి పోయింది. ఏ పని చెయ్యాలో, ఎక్కడ కాపురముండాలో కులమే చెప్పిన ఇంట్లో పునాది ఏది, పైకప్పు ఏది? కులమంటే శ్రమ విభజన ఒక్కటే కాదు, శ్రామికుల విభజన అని అంబేద్కర్ 1936లోనే తేల్చాడు.

1985 జులైలో, అప్పుడు మా ప్రకాశం జిల్లాలోనే ఉన్న కారంచేడులో జరిగిందీ నీళ్ల తగాదానే. మంచినీళ్లు మురికి చెయ్యొద్దని మాదిగలు అడ్డం చెప్పారు. మున్నంగి సువార్త బిందె ఎత్తింది. తెల్లారి, 17న, ఆరుగురు మాదిగల్ని చంపారు. ఆ ఏడే దళిత మహాసభ పుట్టింది. ఎన్ని తరాల అవమానం మరిగితే ఆ బిందె లేచిందో! నూరు డిగ్రీలంటే ఏంటో నాకక్కడ అర్థమైంది.

కానీ కులంలో ఉండేది రెండు పక్షాలే కాదు. అంచెలంచెల అసమానత. ప్రతివాడికీ పైనొకడు, కిందొకడు. అందుకని వైరుధ్యం మన లోపల కూడా కాపురముంటుంది.

ఇది నాకు పుస్తకం నేర్పలేదు. పంతులు ఉద్యోగం వచ్చినాక ఒకరోజు మా అమ్మ బడికి క్యారేజీ తెచ్చింది. యానాది పిల్ల ఒకతి గది ఊడుస్తా ఉంది.

"రోజూ ఈ పిల్లేనా అబ్బయ్యా?"

"ఔనమ్మా. బాగా ఊడుస్తది."

"నిన్ను గూడా మీ అయ్యోరు అట్నే అనేవాడు" అంది అమ్మ.

ఇంక అన్నం సయించలేదు. మర్నాడు ఊడ్చే వంతులు నల్లబల్ల మీద రాశాను. మొదటి పేరు నాదే. పెద్దకులం పిల్లోడి తండ్రి గొడవకొచ్చాడు. "ముందు నేనే ఊడుస్తున్నా గదయ్యా" అన్నాను. వారం తిరక్కముందే కొడుకుని ప్రైవేటు బడిలో చేర్పించాడు. సంవాదం ఇంకా రాలేదు. చీపురు మాత్రం చేతులు మారుతా ఉంది.

మిత్రులారా, మీ తరగతుల్లో నీళ్ల ఉదాహరణ చెప్పేముందు ఒకసారి గ్లాసులు లెక్కపెట్టండి. తర్వాత, మీ ఇంట్లో చీపురు ఎవరి చేతిలో ఉందో చూడండి.