ఎన్నుకున్న అక్కచెల్లెళ్ళు

మా అన్నయ్యగారి అమ్మాయి ఎడిసన్‌లోని మిడిల్‌సెక్స్ కళాశాలలో రెండేళ్ళు చదివి, మూడో ఏట రారిటన్ నది ఆవలి విశ్వవిద్యాలయానికి మారింది. రెండేళ్ళ డిగ్రీ పూర్తిచేసినవారి క్రెడిట్లను ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు స్వీకరించాలని న్యూజెర్సీలో 2008 నుండి రాష్ట్రవ్యాప్త ఒప్పందం ఉన్నది. ఆ పుణ్యమా అని ఆమె చదువుకు లోటు రాలేదు. స్నేహాలకు మాత్రం అటువంటి ఒప్పందమేదీ లేదు.

తక్కిన పిల్లలు మొదటి ఏడాదే వసతిగృహాలలో కలిసి మేలుకొని, కలిసి జబ్బుపడి, ఒకరికొకరు అయినవారయ్యారు. ఈ పిల్ల వెళ్ళేసరికి బల్లల చుట్టూ కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి. రెండు నెలలపాటు మధ్యాహ్న భోజనం కారులో కూర్చుని తిన్నదని మాకు ఆలస్యంగా తెలిసింది. ఆ తరువాతే, “అత్తా, సొరోరిటీలో చేరనా?” అని నన్నడిగింది. వదినకు ముందే తెలిసి కోపం వచ్చింది. “డబ్బు కట్టి అక్కచెల్లెళ్ళను కొనుక్కోవడమేమిటి?” అన్నది. ఆ ప్రశ్నను నేను తేలికగా తీసుకోలేకపోయాను.

లాటిన్‌లో సొరోర్ అంటే తోబుట్టువు. అమెరికాలో స్త్రీలకు కళాశాలల ద్వారాలు అప్పుడప్పుడే తెరుచుకుంటున్న కాలంలో పురుషుల సంఘాలు వారిని చేర్చుకోలేదు. అందుచేత వారు తమ సంఘాలను తామే నిర్మించుకున్నారు. నల్లజాతి యువతులు 1908లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్ఫా కాపా ఆల్ఫాను స్థాపించారు. తొంభై ఏళ్ళకు, 1998లో, టెక్సస్‌లోని ఆస్టిన్, హ్యూస్టన్ నగరాలలోనూ న్యూయార్క్‌లోని సెయింట్ జాన్స్ విశ్వవిద్యాలయంలోనూ దక్షిణాసియా అమ్మాయిలు తమ సంఘాలను ప్రారంభించారు. ఎక్కడా చోటు దొరకనివారే ఒక్కొక్క ఇంటినీ కట్టుకున్నారు. అయితే కట్టిన ప్రతి ఇంటికీ మళ్ళీ ఒక గడియ పెట్టుకున్నారు.

రక్తసంబంధం లేని తోబుట్టువుతనం మనకు కొత్తదేమీ కాదు. రైలులో ఎదురుబల్లపై కూర్చున్న అపరిచితురాలిని ‘అక్కా’ అని పిలిచి వరస కలిపే భాష మనది. ఉత్తరాంధ్రలో నేస్తం కట్టుకునే ఆచారం ఉన్నది. ఇద్దరు స్నేహితులు పెద్దల ఎదుట నేస్తాలై, ఒకరింటి శుభాశుభాలకు మరొకరు స్వజనంవలె నిలబడతారు. కాబట్టి ఎన్నుకున్న బంధం దొంగబంధమన్న వదిన మాటతో నేను ఏకీభవించను. నన్ను ఆలోచింపజేసినది వేరొకటి. నేస్తరికం ఇద్దరి నడుమ పుడుతుంది. అక్కడ మూడో మనిషి అర్హతను బల్ల చుట్టూ కూర్చుని తూచేవారుండరు. సొరోరిటీలో ఇప్పటికే లోపల ఉన్నవారు బయట ఉన్నవారిని గురించి చర్చించి నిర్ణయిస్తారు. బయటి పిల్లకు కారణం తెలియదు.

రహస్యం సంగతి కూడా ఉన్నది. దీక్షలో ఏం చేస్తారని వదిన అడిగితే “చెప్పకూడదమ్మా” అన్నదా పిల్ల. ఆ రాత్రి వదిన నిద్రపోలేదు. కారణం లేకపోలేదు. మన రాష్ట్రానికే చెందిన పంతొమ్మిదేళ్ళ టిమొతీ పియాజా 2017లో పెన్సిల్వేనియాలో ఒక ఫ్రటర్నిటీ ప్రవేశపు తంతులో గాయపడి మరణించాడు. ఆ పేరుతోనే 2021లో న్యూజెర్సీ ర్యాగింగ్ శిక్షలను కఠినతరం చేసింది. పాట, ప్రమాణం, చేతిగుర్తు వంటివి రహస్యంగా ఉంచుకుంటే ఎవరికీ నష్టం లేదు. ఒకరి దేహానికి గానీ మానానికి గానీ జరిగినదాన్ని దాచమనే ప్రమాణానికి మాత్రం విలువ లేదని, దాన్ని తప్పితే పాపం లేదని ఆమెకు స్పష్టంగా చెప్పాను. “అలాంటిదేమీ లేదత్తా, ఒట్టు” అన్నది. నమ్మాను.

చేరింది. కారులో భోజనం మానింది. జ్వరం వచ్చిన రాత్రి వదినకంటె ముందు నలుగురు అమ్మాయిలు వచ్చి కూర్చున్నారు. అది చూసి వదిన ఇక డబ్బు ఊసెత్తలేదు.

మరుసటి సెప్టెంబరులో ఆమె బల్లకు ఇవతలి వైపు కూర్చోవలసి వచ్చింది. కొత్తగా వచ్చినవారిలో తనవలెనే మరో కళాశాల నుండి మారిన తెలుగు అమ్మాయి ఒకతె. మాట తక్కువ. “మనతో కలవదు” అని ఎవరో అన్నారట. మా పిల్ల వాదించింది, కానీ నెగ్గలేదు. ఆ రాత్రి ఫోనులో, “నేనూ అప్పుడు ఇంతే గదా అత్తా, నన్నెలా రానిచ్చారు?” అని ఏడ్చింది. రాజీనామా చేయనా అని కూడా అడిగింది. వద్దన్నాను. లోపల ఉన్నవారిలో వాదించే గొంతు ఒక్కటైనా ఉండడం మేలు కదా అని నా వాదన. అది న్యాయమో, నా సౌకర్యమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

పైగా ఆమెకు నీతి చెప్పడానికి నాకున్న అర్హత ఎంత? ఎడిసన్‌లో ఏ తెలుగువారింట విందు జరిగినా కొత్తవారిని ముందు ఊరు అడుగుతాం, తరువాత ఇంటిపేరు అడుగుతాం. ఇంటిపేరు దేనికోసం అడుగుతామో అడిగినవారికీ తెలుసు, చెప్పేవారికీ తెలుసు. మన బల్లమీద ఓటింగు లేదు, అంతే తేడా.

బతుకమ్మ నాటి సాయంత్రం మేనకోడలు ఆ అమ్మాయిని మా ఇంటికి వెంటబెట్టుకొచ్చింది. గునుగుపూలు దొరకక బంతులతోనే పేర్చిన బతుకమ్మ పక్కన ఇద్దరూ కూర్చున్నారు. నేను పళ్ళెంలో సత్తుపిండి పెట్టి అందిస్తూ పేరడిగాను. చెప్పింది. ఏ ఊరని అడిగాను. చెప్పింది. అలవాటుగా మూడో ప్రశ్నకు నోరు తెరిచాను. మేనకోడలు నా వైపే చూస్తున్నది.

“ఇంకొంచెం వేసుకోమ్మా,” అన్నాను.