కళ్లములో అమ్ముకొనువాడు

సార్వా నూర్పులు కాగానే మన సన్నకారు రైతు ధాన్యమును కళ్లములోనే కాటా వేయించి అమ్మివేయును. కొన్ని నెలలకు బియ్యము కొనుక్కొనును. "వీనికి ముందుచూపు లేదు" అని పెద్దలు అందురు. యోసేపు అయిదవ భాగము నిలువ చేయించెను గదా, వీడేల చేయడని ప్రసంగములలో సయితము వినుచున్నాము. ఆ మాట న్యాయమేనా?

యోసేపు నిలువ చేసినది ఫరో కొట్లలో. మన రాజోలు, కొత్తపేట ప్రాంతపు కౌలు రైతుకు ఉన్నది ఇంటి వసారా, నాలుగు గోనెసంచులు. పూర్వము గడ్డితాళ్లతో పురి కట్టి దాచెడివారు. ఇప్పుడు కోతయంత్రము పచ్చిగింజను తెచ్చి కుమ్మరించుచున్నది. తేమ 17 శాతము మించినచో సర్కారు కొనుగోలుకు పనికిరాదు గనుక రోడ్డుమీద ఆరబోసి మబ్బు వంక చూచుచుండవలెను. 1996 నవంబరు 6వ తేదీ తుపానును ఎరిగినవారికి ఆ చూపు ఎట్టిదో తెలియును.

అసలు ఆ అమ్మకము కళ్లములో జరుగుటయే లేదు. నాట్లనాడే జరిగిపోయినది. ఎరువులకు, కూలికి పెట్టుబడి ఇచ్చిన వ్యాపారికే ధాన్యము తోలెదనని అప్పుడే మాట ఇచ్చియుండును. భూమిగల ఆసామికి మక్తా బస్తాలు కొలువవలెను. యంత్రపు బాడుగ వెంటనే ఇయ్యవలెను. దాళ్వా దమ్ము ముంచుకొని వచ్చుచుండును. ధర పెరుగునని దాచుట ఒక పందెము; ఒక్కొక్క యేడు పెరుగదు కూడ. ఓడినను ఇంట అన్నము వండుకొనగలవాడే ఆ పందెము వేయగలడు.

సర్కారు మద్దతు ధర లేకపోలేదు. 2025-26లో సాధారణ రకమునకు క్వింటాలుకు 2,369 రూపాయలు, మన 75 కిలోల బస్తాకు 1,776 చిల్లర. అయితే సొమ్ము చేతికి ఎప్పుడు వచ్చును? 2023-24 రబీ ధాన్యపు బకాయి 1,674 కోట్లు రైతులకు ముట్టచెప్పుటకు 2024 జులై, ఆగష్టు మాసములు వచ్చినవి. దళారి తక్కువే ఇచ్చును, గాని ఆ వారమే ఇచ్చును. పైగా కౌలు కార్డుకు, 2019 చట్టము ప్రకారము, ఆసామి సమ్మతి కావలెను. సంతకము పెట్టుటకు జంకు ఆసాములు మనలోనే ఉన్నారు.

2011లో గిట్టుబాటు కాక కోనసీమ రైతులు పంట విరామమని వేలకొలది ఎకరములు సార్వాను నాటక విడిచిరి. 2013లో ఆహార భద్రతా చట్టము వచ్చి మనిషికి నెలకు 5 కిలోలు ఏర్పాటుచేసెను. మంచిదే. తినువాని భద్రత దానిలో కొంత ఉన్నది, పండించువానిది కానరాదు. వడ్లు అమ్మినవాడే కార్డు పట్టుకొని ఆ బియ్యమునకు నిలుచుచున్నాడు.

యోసేపును ఉదాహరించువారు ఆదికాండము 47వ అధ్యాయము కూడ చదువవలెను. కరవులో ప్రజలు పశువులను, పిదప పొలములను, తుదకు తమ్మును తామే ఫరోకు అమ్ముకొని ఆ ధాన్యమును కొనిరి. కొట్టు నిండినది నిజమే, తాళము వారియొద్ద లేదు.

సంఘముగా మనము కోతపండుగ కానుకలు, సంవత్సరపు చందాలు నూర్పుల వేళనే అడుగుచున్నాము. అప్పులవాడు నిలుచున్న కళ్లములో మనమును సంచి పట్టి నిలుచుటేల? చందాలు సంక్రాంతి దాటనియ్యవచ్చును. సంఘపు సొమ్ముతో పది టార్పాలిన్లు కొని, గుడి ఆవరణలో ధాన్యము ఆరబోసికొననియ్యవచ్చును. రానున్న కమిటీలో ఈ సంగతి ఎత్తవలెనని మా పెద్దలతో చెప్పియున్నాను.