మొహమాటం మానుకో, అమ్మడూ

అమ్మడూ,

బరువు తగ్గడానికి చేయించుకుంటున్న స్లీవ్ ఆపరేషన్‌కు తేదీ ఖాయమైందని మీ అమ్మ చెప్పింది. మంచి నిర్ణయమే. ఇన్నేళ్లు నర్సు ఉద్యోగం చేసినదాన్ని కదా, నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను.

రాత్రిళ్లు పుల్లటి తేన్పులతో లేచి కూర్చుంటావే, ఆ సంగతి డాక్టరుగారికి చెప్పావా? లావు వల్ల పొట్టలో ఒత్తిడి పెరిగి ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. స్లీవ్ చేశాక కొందరిలో అది తగ్గకపోగా పెరుగుతుంది. మంట ఎక్కువున్నవాళ్లకు స్లీవ్ కంటే కడుపు బైపాస్ ఆపరేషన్ మేలంటారు. సిగ్గుపడకుండా ముందే అడుగు.

స్లీవ్‌లో కడుపును ముప్పాతిక వంతు దాకా తీసేస్తారు. మిగిలేది అరటిపండంత సన్నటి గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. అందుకే మొదట్లో ఆకలి పెద్దగా ఉండదు. ఆకల్లేదని తిండి మానేస్తే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, జుట్టు రాలుతుంది. కంచంలో ముందు పప్పు, గుడ్డు, చేప, పెరుగు. అన్నం ఆ తర్వాతే. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ పడాలి. భోజనం మధ్యలో నీళ్లొద్దు. అరగంట ఆగి కొద్దికొద్దిగా తాగు.

బి12 ఒంటబట్టాలంటే కడుపులో ఊరే ఒక పదార్థం కావాలి. కడుపు చిన్నదైతే అదీ తగ్గుతుంది. కాబట్టి విటమిన్ మాత్రలు జీవితాంతం వేసుకోవాల్సిందే, 'బాగానే ఉన్నాగా' అని ఆపకు. ఐరన్‌కీ కాల్షియానికీ రెండు గంటలైనా ఎడం ఉంచు. ఒళ్లు త్వరగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు పడొచ్చు. కుడి డొక్కలో నొప్పొస్తే గ్యాసనుకుని సోడా తాగి ఊరుకోకు. వాంతులు ఆగకపోతే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లు. బి1 పడిపోతే నరాలు దెబ్బతింటాయి.

వీటన్నిటికంటే నీకు పెద్ద పరీక్ష మన పెళ్లిభోజనాలు. వచ్చే మాఘంలో మీ బాబాయి కూతురి పెళ్లి ఉందిగా! చెయ్యి అడ్డం పెట్టినా 'ఈ ఒక్క బూరె' అంటూ వేసేస్తారు. మొహమాటానికి తిన్నావో, తీపి గబగబా పేగుల్లోకి దిగి చెమటలు, గుండెదడ పట్టుకోవచ్చు. బైపాస్ అయితే ఆ బాధ మరీ ఎక్కువ. 'ఆపరేషనైంది అత్తయ్యా, చాలు' అని నవ్వుతూ చెప్పెయ్. దాచుకోవాల్సిన పనేమీ చేయలేదు నువ్వు. ఎవరైనా నొచ్చుకుంటే నా దగ్గరకు పంపు, వాళ్లకు నేను చెప్పుకుంటాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ